ఇన్‌లైన్ స్పీడ్ స్కేటింగ్: వెయ్యి మీటర్లూ మారథానూ ఒకరే ఎలా గెలుస్తారు?

2025 సెప్టెంబరులో చైనాలోని బెయిదైహెలో చక్రాల స్కేట్ల మీద జరిగిన ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ చాంపియన్‌షిప్‌లో చెన్నై స్కేటర్ ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ మూడు పతకాలు గెలిచాడు. 500 మీటర్లలో కాంస్యం, 1000 మీటర్ల స్ప్రింట్‌లో స్వర్ణం, 42 కిలోమీటర్ల మారథాన్‌లో ఇంకో స్వర్ణం. సీనియర్ పురుషుల విభాగంలో భారత్‌కు ఇవి మొదటి ప్రపంచ స్వర్ణాలు. ఈ వార్త చదివినవాళ్లకు సంతోషంతో పాటు ఒక సందేహం కూడా కలుగుతుంది. పరుగు పందేల్లో వెయ్యి మీటర్లు గెలిచినవాడు అదే పోటీల్లో మారథాన్ కూడా గెలవడం ఎక్కడా చూడం. ఇక్కడ అది ఎలా కుదిరింది?

ఈ సందేహానికి తోడు పేర్ల తికమక ఒకటి. '500 ప్లస్ డి', 'పాయింట్స్ రేస్', 'ఎలిమినేషన్', 'పాయింట్స్ ఎలిమినేషన్', 'వన్ ల్యాప్', 'డ్యుయల్ టైమ్ ట్రయల్' అని ఫలితాల పట్టికలో కనిపిస్తాయి. పదివేల మీటర్ల పేరుతోనే మూడు రకాల రేసులున్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక తక్కువ.

క్లుప్తంగా

స్పీడ్ స్కేటింగ్ రేసును అర్థం చేసుకోవాలంటే దూరం కన్నా ముందు విజేతను ఏ పద్ధతిలో తేలుస్తారో చూడాలి. కొన్ని రేసుల్లో పోటీ గడియారంతో, కొన్నింటిలో పక్కవాళ్లతో. ఇంకొన్నింటిలో ప్రతి కొన్ని రౌండ్లకూ చివరన ఉన్నవాళ్లు బయటికి పోతారు, లేదా మధ్యమధ్యలో పాయింట్లు దక్కుతాయి. గుంపుగా సాగే రేసుల్లో గాలి నిరోధం నుంచి తప్పించుకోవడమే సగం ఆట. అందుకే స్ప్రింటర్‌కి మారథాన్ కూడా అందుతుంది.

వేగాల లెక్క

ముందు పరుగు సంగతి. పురుషుల 1000 మీటర్ల పరుగులో నోవా ఎన్‌గెనీ 1999లో నెలకొల్పిన ప్రపంచ రికార్డు 2 నిమిషాల 11.96 సెకన్లు. గంటకు 27 కిలోమీటర్లకు కొంచెం పైన. 2023లో చికాగో మారథాన్‌ను కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకన్లలో ముగించాడు. అది గంటకు 21 కిలోమీటర్లు. అంటే వెయ్యి మీటర్ల నుంచి మారథాన్‌కు వచ్చేసరికి మనిషి వేగం సుమారు పావు వంతు పడిపోతుంది.

చక్రాల మీద లెక్క వేరు. బెయిదైహె 1000 మీటర్ల ఫైనల్లో ఆనంద్‌కుమార్ సమయం 1 నిమిషం 24.924 సెకన్లు, సగటున గంటకు 42.4 కిలోమీటర్లు. మారథాన్‌లో ప్రపంచ స్థాయి పురుషులు మంచి రోడ్డు మీద గంట అటూఇటూగా గమ్యం చేరతారు. అది కూడా గంటకు 42 కిలోమీటర్ల దగ్గరే. దూరం నలభై రెట్లు పెరిగినా సగటు వేగం దాదాపు అక్కడే ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా చిక్కుముడులు చాలావరకు విడిపోతాయి.

దీనికి రెండు కారణాలు. ఒకటి, చక్రం జారుతుంది. పరుగెత్తేవాడు అడుగడుగునా ఒంటి బరువును ఎత్తి దించుకోవాలి. స్కేటర్ ఒక్కసారి తోస్తే ఆ ఊపు కొన్ని మీటర్లు మోసుకెళ్తుంది. 1990లలో అమెరికన్ చాడ్ హెడ్రిక్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 'డబుల్ పుష్' పద్ధతిలోనైతే ఒకే కాలితో లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి రెండు తోపులు దొరుకుతాయి. రెండోది ఇంకా పెద్ద కారణం, గాలి.

గాలి చాటున ఉన్నవాడికి బలం మిగులుతుంది

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో స్కేటర్ శక్తి ఎక్కువగా ఖర్చయ్యేది గాలిని చీల్చుకుంటూ పోవడానికే. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. ఆ నిరోధాన్ని గెలవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. ఈ లెక్క ప్రకారం వేగాన్ని పది శాతం పెంచాలన్నా మూడో వంతు అదనపు శక్తి ఖర్చు పెట్టాలి. వర్షంలో ఎదురుగాలికి సైకిల్ తొక్కినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముందున్నవాడి వీపు వెనకాల, చేయి చాచితే అందేంత దగ్గరగా సాగితే ఆ భారం బాగా తగ్గుతుంది. సైక్లింగ్‌లో లాగే ఇక్కడా దీన్ని డ్రాఫ్టింగ్ అంటారు. అందుకే పొడవైన రేసులన్నీ ఒకరి వెనక ఒకరు బారులు తీరిన గుంపుగా కనిపిస్తాయి. ముందు నడిచేవాడు అందరి గాలినీ మోస్తాడు, వెనకవాళ్లు బలం దాచుకుంటారు. నలభై రెండు కిలోమీటర్లూ అలా దాచుకోగలిగిన స్కేటర్‌కు చివరి మూడు నాలుగు వందల మీటర్లు ఒక స్ప్రింట్ రేసులా మిగులుతాయి. వెయ్యి మీటర్లలో ప్రపంచ విజేత అయినవాడు ఆ చివరి మలుపు దాకా గుంపులోనే ఉంటే, అక్కడి నుంచి అతన్ని ఆపడం చాలా కష్టం.

అయితే గుంపుకు ఇష్టం లేకపోతే ఇలా జరగదు. స్ప్రింటర్లను వదిలించుకోవడానికి దూరపు రేసుల స్కేటర్లు ముందే దాడి మొదలుపెడతారు. ఇద్దరు ముగ్గురు కలిసి విడిపోయి, గాలిని వంతులవారీగా పంచుకుంటూ గుంపుకు అందకుండా పోవడానికి ప్రయత్నిస్తారు. బయట నుంచి చూస్తే అందరూ ఒకే వేగంతో పోతున్నట్టు ఉంటుంది గానీ, ఎవరు ముందు నడుస్తున్నారు, ఎవరు తప్పించుకుంటున్నారు అన్నదే అసలు రేసు.

ట్రాక్ మీద, రోడ్డు మీద

ప్రపంచ పోటీలు రెండు చోట్ల జరుగుతాయి. ట్రాక్ అంటే 200 మీటర్ల చుట్టు ఉన్న వలయం. మలుపుల దగ్గర బయటి అంచు పైకి లేచి గిన్నె అంచులా వంపు తిరిగి ఉంటుంది. ఆ వాలు వల్ల మలుపులో కూడా వేగం తగ్గించకుండా కాలు తోయవచ్చు. రోడ్డు సర్క్యూట్ ఇంతకన్నా పెద్దది, ఒక చుట్టు సాధారణంగా 400 మీటర్లు లేదా కొంచెం ఎక్కువ. ఇక మారథాన్‌కు ఊరి వీధులే దారి. బెర్లిన్‌లో ప్రసిద్ధమైన పరుగు మారథాన్‌కు ముందు రోజు, శనివారం, అదే దారిలో స్కేటర్ల మారథాన్ జరుగుతుంది.

రోడ్డు పోటీలు ముందు పుట్టాయి. 1937లో ఇటలీలోని మోంజాలో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ రోడ్డు మీదే జరిగింది. అప్పటి స్కేట్లకు చక్రాలు ముందు రెండు, వెనక రెండు ఉండేవి. వాటినే మనవాళ్లు క్వాడ్స్ అంటారు. చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ స్కేట్లు 1990లలో ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

గడియారంతో పోటీ

అన్నిటికన్నా సులువుగా అర్థమయ్యేవి ఇవే. ట్రాక్ మీద 200 మీటర్ల డ్యుయల్ టైమ్ ట్రయల్‌లో ఇద్దరు స్కేటర్లు వలయానికి చెరో పక్క నుంచి బయల్దేరతారు. ఒకరికొకరు అడ్డం రారు, ఒకరి గాలి చాటు ఇంకొకరికి దొరకదు. ఎవరి సమయం వారిదే. దీనికి ముందు చాలాకాలం ఒంటరిగా చేసే 300 మీటర్ల టైమ్ ట్రయల్ ఉండేది. ఇద్దరు ఒకేసారి కనిపిస్తే చూసేవాళ్లకు ఎవరు ముందున్నారో కంటికి తెలుస్తుంది. రోడ్డు మీద 100 మీటర్లలో పరుగు పందెంలా నేరుగా గీసిన లేన్లలో పోటీ పడతారు. అక్కడ మొదటి పది అడుగులు తడబడితే కోలుకునే సమయం ఉండదు. 'వన్ ల్యాప్' అంటే రోడ్డు సర్క్యూట్‌ను ఒక్కసారి చుట్టి రావడం. దూరం చిన్నదే అయినా ఇందులో పక్కవాళ్లు ఉంటారు కాబట్టి భుజాల రాపిడి మొదలవుతుంది.

500 ప్లస్ డి, 1000 మీటర్లు

500 మీటర్లంటే 200 మీటర్ల ట్రాక్ మీద రెండున్నర చుట్లు. 'ప్లస్ డి'లో డి అంటే డిస్టెన్స్, అంటే దూరం. బయల్దేరే గీతను వెనక్కి జరపడం వల్ల కలిసే కొద్దిపాటి అదనపు దూరం అది. మొదటి మలుపుకు ముందు స్కేటర్లకు కాస్త ఎక్కువ నేరు దారి దొరుకుతుంది.

బెయిదైహెలో ఆనంద్‌కుమార్ 500 మీటర్ల సమయం 43.072 సెకన్లు. ఆ అదనపు దూరాన్ని పక్కన పెట్టి 500గానే లెక్కిస్తే సగటు గంటకు 41.8 కిలోమీటర్లు. అతనిదే 1000 మీటర్ల సగటు 42.4. పొడవైన రేసులో వేగం ఎక్కువ! అదే ఏడాది ఆగస్టులో, ఒలింపిక్స్‌లో లేని ఆటల కోసం చైనాలోని చెంగ్డూలో జరిగిన వరల్డ్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన 1000 మీటర్ల సమయం 1 నిమిషం 22.482 సెకన్లు. అంటే 43.6 కిలోమీటర్లు, ఇంకా ఎక్కువ. రోలర్ క్రీడల్లో వరల్డ్ గేమ్స్ నుంచి భారత్‌కు వచ్చిన తొలి పతకం కూడా అదే.

ఇలా ఎందుకంటే, నిలబడ్డ చోటు నుంచి వేగం అందుకోవడానికి పట్టే సెకన్లు రెండు రేసుల్లోనూ దాదాపు సమానమే. చిన్న రేసులో వాటి వాటా పెద్దది, పెద్ద రేసులో కరిగిపోతుంది.

ఆ రెండు 1000 మీటర్ల రేసులను పక్కపక్కన పెడితే ఇంకో విషయం బయటపడుతుంది. తక్కువ సమయంలో పూర్తి చేసిన రేసులో కాంస్యం వచ్చింది, ఎక్కువ సమయం పట్టిన రేసులో స్వర్ణం వచ్చింది. ట్రాక్ వేరు, వాతావరణం వేరు అన్నది నిజమే. కానీ వెయ్యి మీటర్ల స్వభావమే అలాంటిది. ఐదు చుట్ల ఈ రేసులో గాలి మోయడం ఎందుకని మొదటి రెండు చుట్లూ అందరూ ఆచితూచి పోవచ్చు. అలాంటప్పుడు సమయం పెరుగుతుంది, పోటీ తగ్గదు. ఎవరో ఒకరు మొదటి నుంచే లాగేస్తే సమయం పడిపోతుంది. గుంపు రేసుల్లో సమయాన్ని చూసి 'ఫామ్ తగ్గింది' అని తేల్చడం తప్పు. తొలి దశ పోటీలైన హీట్స్‌లో మాత్రం సమయానికి విలువ ఉంటుంది, ఎందుకంటే స్థానంతో పాటు మంచి సమయం చేసిన కొందరికి కూడా తర్వాతి దశలో చోటు దొరుకుతుంది.

ఎలిమినేషన్: చక్రాల మీద కుర్చీలాట

పిల్లల కుర్చీలాట గుర్తు చేసుకుంటే ఎలిమినేషన్ రేసు సగం అర్థమైనట్టే. ట్రాక్ మీద పదివేల మీటర్లంటే 50 చుట్లు. మొదటి కొన్ని చుట్ల తర్వాత, నిర్ణయించిన ప్రతి కొన్ని చుట్లకూ గంట మోగుతుంది. ఆ చుట్టు చివర గీత దాటడంలో అందరికన్నా వెనకబడినవాళ్లు తప్పుకోవాలి. గుంపు అలా తరిగి తరిగి చివరికి కొద్దిమంది మిగులుతారు. వాళ్ల మధ్య ఆఖరి స్ప్రింట్‌తో విజేత తేలతాడు. రోడ్డు మీద ఇదే రేసు 15 వేల మీటర్లు. 2021లో కొలంబియాలోని ఇబాగేలో ఆనంద్‌కుమార్ జూనియర్ విభాగంలో రజతం గెలిచింది ఈ 15 కిలోమీటర్ల ఎలిమినేషన్‌లోనే.

దూరం పెద్దదైనా ఇది ఓపికతో మాత్రమే గెలిచే రేసు కాదు. మామూలు రేసులో గుంపు వెనక భాగం హాయి అయిన చోటు. గాలి తగలదు, ముందువాళ్ల కదలికలు కనిపిస్తాయి. ఎలిమినేషన్‌లో ఆ చోటే ప్రమాదం. బలం ఉన్న స్కేటర్ కూడా లోపలి గీత పక్కన ఇరుక్కుని దారి దొరక్క గంట మోగినప్పుడు ఆఖరివాడై పోవచ్చు. అలా పోతే అతని బలం ఎంతన్నది ఎవరికీ పట్టదు. మరీ ముందుకు వెళ్తే గాలి, మరీ వెనకుంటే గంట. మధ్యలో మూడు నాలుగు స్థానాల చోటు కోసం రేసంతా పెనుగులాట. ఈ టెన్షన్ ప్రతి రెండు మూడు చుట్లకూ తిరిగి వస్తుంది కాబట్టి, స్కేటింగ్ గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా కన్నార్పకుండా చూసే రేసు ఇది.

పాయింట్లు: చివర గెలిచినా ఓడిపోవచ్చు

పాయింట్స్ రేస్‌లో నిర్ణీత చుట్ల దగ్గర గీతను ముందుగా దాటినవాళ్లకు పాయింట్లు ఇస్తారు. సాధారణంగా మొదటివాడికి 2, రెండోవాడికి 1. ఆఖరి చుట్టులో 3, 2, 1. రేసు అయ్యేసరికి ఎవరి మొత్తం ఎక్కువో వాళ్లే విజేత.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక స్కేటర్ మధ్యలో నాలుగు స్ప్రింట్లు గెలిచి 8 పాయింట్లు కూడబెట్టుకుని చివరి చుట్టులో ఆరోవాడిగా వచ్చాడు. ఇంకొకడు అందరికన్నా ముందు గీత దాటి చేతులెత్తాడు, కానీ అతని ఖాతాలో ఉన్నవి ఆ 3 పాయింట్లే. స్వర్ణం ఆరోవాడికి పోతుంది. టీవీలో చూసేవాళ్లకు ఎక్కువ గందరగోళం కలిగించే రేసు ఇదే.

ఈ రెంటినీ కలిపితే వచ్చేది పాయింట్స్ ఎలిమినేషన్. ఒక చుట్టులో పాయింట్ల కోసం ముందు ఉండాలి, మరో చుట్టులో పోకుండా ఉండటానికి వెనక పడకూడదు. ఊపిరి తీసుకునే చోటే ఉండదు. ఎవరికి ఎన్ని పాయింట్లున్నాయో పోతూ పోతూనే లెక్క పెట్టుకోవాలి. కోచ్ ట్రాక్ పక్కన నిలబడి అరిచే అంకెలే ఆధారం.

రిలే: పన్నెండు సెంటీమీటర్లు

ట్రాక్ మీద 3000 మీటర్ల రిలే 15 చుట్లు. జట్టులో నలుగురి దాకా ఉన్నా ఒక రేసులో దిగేది ముగ్గురే. కర్ర అందించడం ఉండదు. వెనక నుంచి వచ్చేవాడు ముందువాడి నడుము దగ్గర బలంగా తోసి తన వేగాన్ని అప్పగిస్తాడు. ప్రతి ఒక్కరూ కొద్ది దూరం పూర్తి బలంతో పోయి మళ్లీ సేదతీరుతారు కాబట్టి 3000 మీటర్ల మొత్తం సగటు 1000 మీటర్ల ఫైనల్ సగటును దాటిపోవచ్చు. 2023 అక్టోబరు 2న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత పురుషుల జట్టు సమయం 4 నిమిషాల 10.128 సెకన్లు, గంటకు 43 కిలోమీటర్లకు పైనే. ఆర్యన్‌పాల్ సింగ్ ఘుమన్, ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్, సిద్ధాంత్ కాంబ్లే, విక్రమ్ ఇంగళే ఆ జట్టు సభ్యులు. అదే రోజు మహిళల జట్టు, అంటే సంజన బత్తుల, కార్తిక జగదీశ్వరన్, హీరల్ సాధు, ఆరతి కస్తూరి రాజ్, కూడా కాంస్యం తెచ్చారు.

ఆ పురుషుల ఫైనల్ మాత్రం కాంస్యం వల్ల కాదు, స్వర్ణం వల్ల ప్రపంచానికి గుర్తుండిపోయింది. కొరియా చివరి స్కేటర్ జంగ్ చుల్‌వాన్ గెలిచేశాననుకుని గీతకు ముందే చేతులెత్తి నిటారుగా లేచాడు. పక్క నుంచి తైవాన్ స్కేటర్ హువాంగ్ యూలిన్ ఎడమ కాలు ముందుకు చాచాడు. తైవాన్ 4 నిమిషాల 5.692, కొరియా 4 నిమిషాల 5.702. తేడా సెకనులో నూరో వంతు. ఆ జట్ల సగటు వేగంలో అది సుమారు 12 సెంటీమీటర్లు. స్పీడ్ స్కేట్‌కు వేసే 110 మిల్లీమీటర్ల చక్రం వ్యాసం కన్నా కాస్త ఎక్కువ. పరుగులో ఛాతీ గీత దాటితే చాలు, ఇక్కడ ముందున్న స్కేటు చక్రం దాటాలి. ఆఖరి క్షణంలో కాలు చాచడాన్ని స్కేటర్లు విడిగా సాధన చేసేది ఇందుకే. ఆ స్వర్ణం వచ్చి ఉంటే కొరియా జట్టులో కొందరికి తప్పనిసరి సైనిక సేవ నుంచి మినహాయింపు దొరికేది. ఆ కుర్రాళ్లు కోల్పోయింది ఒక్క పతకం కాదు.

ఏ రేసు పెడతారన్నదే పతకాన్ని నిర్ణయిస్తుంది

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అన్ని రకాలూ ఉంటాయి. ఆసియా క్రీడల వంటి చోట్ల నిర్వాహకులు కొన్నింటినే ఎంచుకుంటారు. 2010 గ్వాంగ్‌జౌలో 300 మీటర్ల టైమ్ ట్రయల్, 500 మీటర్లు, పదివేల పాయింట్స్ ఎలిమినేషన్ ఉన్నాయి. 2014 ఇంచియోన్‌లో ఈ క్రీడే లేదు. 2018 జకార్తాలో పురుషులకూ మహిళలకూ చెరో 20 కిలోమీటర్ల రోడ్డు రేసు మాత్రమే పెట్టారు. 2023 హాంగ్‌జౌలో 1000 మీటర్లు, పాయింట్స్ ఎలిమినేషన్, రిలే. ఒక స్ప్రింటర్ వైపు నుంచి చూస్తే, గ్వాంగ్‌జౌ తర్వాత తనకు తగిన రేసు కోసం పదమూడేళ్లు ఆగాల్సి వచ్చింది. ఒక ఆటగాడి మంచి వయసంతా అందులోనే అయిపోతుంది.

ఒలింపిక్స్‌లో ఇన్‌లైన్ స్పీడ్ స్కేటింగ్ లేదు. 2018 బ్యూనస్ ఎయిర్స్ యూత్ ఒలింపిక్స్‌లో ఒకసారి కనిపించిందంతే. అందుకే మేటి ఇన్‌లైన్ స్కేటర్లు కొందరు మంచు మీదికి మారారు. చాడ్ హెడ్రిక్ ఆ దారిలో వెళ్లి 2006లో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 500 మీటర్ల స్వర్ణం గెలిచిన అమెరికన్ ఎరిన్ జాక్సన్, మాస్ స్టార్ట్ స్వర్ణం గెలిచిన బెల్జియం స్కేటర్ బార్ట్ స్వింగ్స్ కూడా చక్రాల మీద ఎదిగినవాళ్లే. స్వింగ్స్ గెలిచిన రేసు గమనించదగ్గది. మంచు మీద మిగతా దూరాలు ఎక్కువగా ఇద్దరిద్దరుగా గడియారంతో పోటీలు. మాస్ స్టార్ట్ ఒక్కటి గుంపు రేసు, మధ్యలో పాయింట్లు కూడా ఉంటాయి. ఇన్‌లైన్‌లో నేర్చిన కిటుకులన్నీ సూటిగా పనికొచ్చే చోటు అదే.

మన రింకుల్లో

తెలుగువాళ్లకు స్కేటింగ్ అనగానే గుర్తొచ్చే పేరు హైదరాబాద్ ఆటగాడు అనూప్ కుమార్ యామ. 2010 గ్వాంగ్‌జౌలో అతను రెండు కాంస్యాలు గెలిచాడు. అవి స్పీడ్ స్కేటింగ్‌లో వచ్చినవి కావు, ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో వచ్చాయి. ఒకటి సింగిల్స్‌లో, ఇంకొకటి అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో. అక్కడ వేగం కొలవరు, విన్యాసాలకు న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. 'స్కేటింగ్‌లో పతకం' అన్న ఒక్క మాట కింద ఈ రెండు వేర్వేరు ఆటలూ కలిసిపోతుంటాయి.

పిల్లల్ని రింక్‌కు తీసుకెళ్లే తల్లిదండ్రులకు మొదట ఎదురయ్యే ప్రశ్న క్వాడ్స్ కొనాలా, ఇన్‌లైన్ కొనాలా అన్నది. మన దేశంలో జిల్లా స్థాయి నుంచి జాతీయ స్థాయి దాకా స్పీడ్ పోటీలు ఈ రెండు విభాగాల్లోనూ, వయసుల వారీగా, రింక్ రేసులు వేరుగా, రోడ్డు రేసులు వేరుగా జరుగుతాయి. క్వాడ్స్‌లో జాతీయ పతకం దాకా వెళ్లే దారి ఉంది. అయితే ఆసియా, ప్రపంచ స్పీడ్ పోటీల దారి ఇన్‌లైన్‌దే. పన్నెండు పదమూడేళ్ల వయసులో ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవాల్సి వస్తే కాలి అలవాటు మార్చుకోవడానికే చాలాకాలం పడుతుంది. ఈ సంగతి మొదటి స్కేట్లు కొనే రోజే చెప్పేవాళ్లు ఉంటే ఎంతో మేలు.

రెండో చిక్కు రింక్‌ది. చాలా ఊళ్లలో ఉన్నవి చదునైన సిమెంటు రింకులు, చుట్టు కూడా చిన్నది. అక్కడ మలుపులో వేగం తగ్గించుకోవడం అలవాటవుతుంది. వంపు ట్రాక్ మీద ఆ అలవాటే అడ్డం వస్తుంది. పైగా చిన్న పిల్లల పోటీలు చాలావరకు కొద్ది చుట్ల స్ప్రింట్లే. బలం దాచుకోవడం, గుంపులో చోటు కాపాడుకోవడం, గంట ఎప్పుడు మోగుతుందో కనిపెట్టుకుని ఉండటం వంటివి నేర్పే పొడవైన రేసులు పెద్ద వయసు విభాగాలకు వెళ్లాక గానీ ఎదురుకావు. కొలంబియా ఏళ్ల తరబడి ప్రపంచ పతకాల పట్టికలో పైన ఉండటం వెనక మెదెయిన్, బరాంకియా, ఇబాగే, కాలి వంటి నగరాల్లో అంతర్జాతీయ కొలతల ట్రాక్‌లు ఉండటం ఒక ముఖ్య కారణం. ఎలిమినేషన్ రేసు ఎలా ఉంటుందో అక్కడి పిల్లలకు ఎవరూ పటం గీసి చెప్పనక్కర్లేదు, ఊళ్లోనే చూస్తారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో రింక్‌కు వెళ్లే పదేళ్ల పాపకు ప్రస్తుతానికి ఆ రేసు ఫోన్‌లో వీడియోగానే దొరుకుతుంది.